లేఅవుట్ కంటే ముందు కందకం

నగరం అంచున వరి పండే భూమి ఇళ్ల స్థలాలుగా మారబోయే దశలో, పునాదుల కోసం యంత్రాలు దిగకముందే, ఆ నేల కింద పూర్వకాలపు నివాసాల ఆనవాళ్లు గాని సమాధులు గాని ఉన్నాయో లేవో తేల్చుకోవడానికి అక్కడక్కడ సన్నగా, పొడవుగా తవ్వి చూసే పద్ధతిని పురావస్తు శాస్త్రంలో పరీక్షా కందకం అంటారు. మొత్తం భూమిని తిరగదోడే పని ఇందులో ఉండదు. విస్తీర్ణంలో నూటికి రెండు నుంచి ఐదు పాళ్లు మాత్రమే తెరిచి, మిగిలిన భాగం గురించి ఒక అంచనాకు వచ్చి, తవ్విన మట్టిని తిరిగి పూడ్చివేయడంతో అది ముగుస్తుంది. చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ, అంటే సీఎండీఏ, పరిధిని 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904 చదరపు కిలోమీటర్లకు పెంచుతూ 2022లో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చిన తరువాత, తిరువళ్లూరు, కాంచీపురం, చెంగల్పట్టు జిల్లాల్లోని పొలాలు, చెరువు ఆయకట్లు నగర ప్రణాళిక లోపలికి వచ్చాయి గనుక, ఈ చిన్న పద్ధతి ప్రాధాన్యం ఆ మేరకు పెరిగింది.

చెన్నై పరిసరాల ప్రాచీనత తొలిసారి, వేరే అవసరం కోసం ఎవరో తవ్విన గోతిలోంచి బయటపడింది. భారత ప్రాచీన శిలాయుగ పరిశోధనకు నాంది పలికిన రాతి పనిముట్టు 1863 మే 30న పల్లావరం కంటోన్మెంటు సమీపంలో భూగర్భ సర్వేక్షణ సంస్థ ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు దొరికినప్పుడు, అది గరుసు కోసం తవ్విన ఒక చిన్న గుంట నుంచి పైకి పోసిన రాళ్ల మధ్య ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో ఫుట్, విలియం కింగ్ కలిసి కొసస్తలై నదీ ప్రాంతంలో అత్తిరంపాక్కం స్థలాన్ని గుర్తించారు. 1999 నుంచి అక్కడ తవ్వకాలు సాగించిన శాంతి పప్పు బృందం, తమకు దొరికిన చేతి గొడ్డళ్ల వయసు కనీసం పది లక్షల ఏళ్లని, సగటున పదిహేను లక్షల ఏళ్లని 2011లో ప్రకటించింది. పల్లావరం గుట్టల్లో పందొమ్మిదో శతాబ్దం చివర అలెగ్జాండర్ రే వెలికితీసిన కాళ్లున్న మట్టి శవపేటిక ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి చేరింది. పారిశ్రామికవాడగా ఎదిగిన ఒరగడం దగ్గర వడక్కుపట్టులో 2022లో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ తవ్వినప్పుడు సూక్ష్మ రాతి పనిముట్లతో పాటు, రోము వర్తకానికి సాక్ష్యమైన ఆంఫోరా అనే రెండు చేతుల జాడీల పెంకులు, బంగారు ఆభరణాలు బయటపడ్డాయి. ఈ నేలలో ఏమీ ఉండదని ముందుగా అనుకునే హక్కు ఎవరికీ లేదని ఇన్ని ఉదాహరణలు చెబుతున్నాయి.

అయినా పొలం పైపైన నడిచి, దొరికిన పెంకులను బట్టి తీర్పు చెప్పడం ఈ ప్రాంతంలో ప్రమాదకరం. ఎరువుల సంచులు రాకముందు తెలుగు, తమిళ రైతులు పాడుబడిన ఊళ్ల దిబ్బల నుంచి పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలేవారు. చెరువులు ఎండినప్పుడు పూడిక మట్టిని తెచ్చి మడుల్లో పరిచేవారు. ఆ మన్నుతో పాటు పాత కుండల పెంకులూ వచ్చి, అసలు ఊరే లేని చోట ఊరున్న భ్రమ కల్పిస్తాయి. దీనికి పూర్తిగా విరుద్ధమైన స్థితి కూడా ఉంది: ఏటా దమ్ము చేయడం వల్ల అడుగున గట్టిపడిన పొర కింద, పైకి ఒక్క పెంకు కూడా తేలకుండా, సమాధులు చెక్కుచెదరక నిలిచి ఉండవచ్చు. కాబట్టి ఉపరితల పరిశీలన అనుమానానికి పనికి వస్తుందే గాని నిర్ధారణకు పనికిరాదు. ఆ అనుమానానికి జవాబు దొరికేది కందకం గోడ మీదనే.

కందకం వేసే విధానం చూడడానికి తేలిక, చేయడానికి నేర్పు కావాలి. ముందుగా సర్వే పటం మీద పొలాన్ని గుర్తించి, సాధారణంగా రెండు మీటర్ల లోపు వెడల్పు, ముప్పై మీటర్ల వరకు పొడవు గల కందకాలను, వరుసలు ఒకదానికొకటి ఎదురుపడకుండా ఎడంగా, రెండు దిక్కులలో అమరుస్తారు. అన్నీ ఒకే దిక్కున ఉంటే అదే దిక్కున సాగే పాత కాలువ గాని గోడ గాని రెండు కందకాల నడుమ తప్పించుకుపోతుంది. దున్నిన మట్టిని జేసీబీతో తీస్తారు, అయితే దాని బకెట్‌కు పళ్లు ఉండకూడదు. పళ్లు నేలను చీల్చి రంగులను కలిపేస్తాయి, చదునైన అంచు మాత్రం పొర పొరగా గీకుతూ పోతుంది. దున్నకానికి లోబడని తొలి పొర తగలగానే యంత్రం ఆగిపోవాలి, అక్కడి నుంచి పని తాపీలు పట్టిన మనుషులది.

మనిషి ఎప్పుడో తవ్వి పూడ్చిన గొయ్యి మళ్లీ ఎన్నటికీ చుట్టుపక్కల నేలతో ఒకటి కాలేదు గనుక, గీకి శుభ్రపరచిన నేల మీద అది వేరే రంగు మచ్చగా, మెత్తని లేదా గరుకైన మట్టిగా కనబడుతుంది. గుండ్రని చిన్న మచ్చ గుంజ పాతిన గుంట కావచ్చు, పొడవాటి చార కాలువ కావచ్చు, బూడిద రంగు పొయ్యి కావచ్చు. చెన్నై ఎండకు తెరిచిన నేల గంటలోనే వెలిసిపోయి తేడాలన్నీ మాయమవుతాయి కాబట్టి, నీళ్లు సన్నగా చిలకరించి, తడి ఆరేలోగా ఆ అంచులను గుర్తించి, కొలిచి, గీసి, ఫోటో తీయవలసి ఉంటుంది. కందకం పక్కగోడను నిటారుగా చెక్కి, మట్టి పొరలు ఒకదానిపై ఒకటి పేరుకున్న క్రమాన్ని చదవడాన్ని స్తర పరిశీలన అంటారు. కింది పొర ముందుది, పై పొర తరువాతిది అన్న సూత్రం సులువుగా తోచినా, ఎలుక బొరియలు, చెట్ల వేళ్లు, బావి తవ్వినప్పుడు ఎగదోసిన మట్టి ఆ క్రమాన్ని తారుమారు చేస్తాయి. గుర్తించిన ప్రతి గొయ్యినీ పూర్తిగా తవ్వడం ఈ దశలో నిషిద్ధం. స్వభావం, కాలం తెలియడానికి కొన్నింటిలో సగం భాగం మాత్రమే తీసి, మిగతాదాన్ని రాబోయే నిర్ణయం కోసం నేలలోనే వదిలిపెట్టడం ఈ వృత్తిలో పాటించవలసిన నిగ్రహం.

ఈ నిగ్రహమే పరీక్షా కందకాన్ని ప్రసిద్ధ తవ్వకాల నుంచి వేరు చేస్తుంది. పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్విన తరువాత దేశమంతటా స్థిరపడిన చదరపు గడుల పద్ధతిలో, గడికీ గడికీ మధ్య మట్టి గట్టును వదిలి, ఒక స్థలాన్ని లోతుగా, నెలల తరబడి అర్థం చేసుకుంటారు. అక్కడ స్థలం ఏదో ముందే తెలుసు. ఇళ్ల స్థలాలు కాబోయే పొలంలో తెలియనిది స్థలమే గనుక, లోతు కంటే వ్యాప్తికి, పూర్తి కథ కంటే అవును, కాదు అన్న జవాబుకు విలువ ఎక్కువ.

అయితే ఐరోపా మైదానాల్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని యథాతథంగా దిగుమతి చేసుకుంటే చెన్నై చుట్టుపక్కల అది సగమే పని చేస్తుంది. అక్కడి ఇనుపయుగపు పొలాల హద్దు కాలువలు మీటర్ల కొద్దీ సాగుతాయి కాబట్టి ఏదో ఒక కందకానికి తగులుతాయి. ఇక్కడ ప్రధానంగా ఎదురయ్యేది బృహత్ శిలాయుగపు సమాధులు, అంటే సుమారు క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దిలో పెద్ద రాళ్లను వలయంగా పేర్చి, మధ్యలో రాతి పలకల గదిలోనో, మట్టి శవపేటికలోనో, పెద్ద కుండలోనో అస్థికలను ఉంచిన కట్టడాలు. తెలుగు పల్లెల్లో వీటినే రాకాసి గుళ్లని, పాండవ గుళ్లని పిలుస్తారు. ఒక్కొక్కటి కొన్ని మీటర్ల అడ్డుకొలతతో, ఒకదానికొకటి దూరంగా ఉండే ఈ సమాధులు కందకాల నడుమ సులువుగా దాగిపోతాయి; పైగా వలయాల రాళ్లను రైతులు గట్లకు, క్వారీదారులు కంకరకు ఏనాడో తరలించి ఉంటే నేల మీద ఏ గుర్తూ మిగలదు. అందువల్ల మెట్ట, గరుసు నేలల్లో కందకాల మధ్య దూరం తగ్గించాలి, పాత రెవెన్యూ పటాల్లో రాళ్ల దిబ్బలుగా, పోరంబోకుగా చూపిన తావులను విడిగా పరీక్షించాలి, వ్యవసాయ బావుల గోడలు ఎక్కడ తెరిచి ఉంటే అక్కడ వాటినే ఖర్చు లేని కందకాలుగా చదవాలి. ఈశాన్య రుతుపవనాల వర్షాలు వెనుకబట్టి, సంక్రాంతి కోతలు అయ్యాక, మళ్లీ నాట్లు పడకముందు దొరికే ఎండు నెలలే పల్లపు పొలాల్లో ఈ పనికి అనువైనవి. మిగతా కాలంలో కందకం నీటితో నిండిపోతుంది.

చట్టం ఈ వృత్తికి ఎంత చోటిచ్చిందో చూస్తే వింత సమతూకం కనబడుతుంది. ప్రాచీన స్మారకాలు, పురావస్తు స్థలాల 1958 నాటి కేంద్ర చట్టం, 2010 సవరణతో, రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్ల మేర నిర్మాణాన్ని నిషేధించి, ఆపై 200 మీటర్ల మేర నియంత్రించింది. రక్షితం కాని నేలలో కూడా, అవశేషాలున్నాయని నమ్మే కారణముంటే, కలెక్టరుకూ యజమానికీ నోటీసు ఇచ్చి తవ్వే అధికారం పురావస్తు అధికారికి ఉంది. ఆ తవ్వకం వల్ల రాబడి నష్టపోయిన రైతుకు పరిహారం ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతుంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన పాతరను కనుగొన్నవారు కలెక్టరుకు తెలపాలి. ఇవన్నీ తెలిసినదానికీ, అనుమానించినదానికీ, దొరికిపోయినదానికీ వర్తించే ఏర్పాట్లు. ఎవరూ అనుమానించని పొలాన్ని, లేఅవుట్ అనుమతికి ముందు తప్పనిసరిగా పరీక్షించాలన్న నియమం మాత్రం లేదు. ఇంగ్లండులో 1990 నుంచి ప్రణాళికా మార్గదర్శకాలు ఈ పరీక్షను నిర్మాణదారు ఖర్చుతో చేయించే ఆచారాన్ని స్థిరపరచగా, ఫ్రాన్సు 2001లో నివారక పురావస్తు చట్టం చేసి, మరుసటి ఏడాది అందుకోసం ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది.

తెలుగు నేల ఈ విషయంలో రెండు పాఠాలు నేర్పింది. పద్దెనిమిదో శతాబ్దం చివరలో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కృష్ణ ఒడ్డున అమరావతి పట్టణం కట్టించేటప్పుడు, బౌద్ధ మహాస్తూపాన్ని కప్పిన దీపాలదిన్నె అనే దిబ్బ నుంచి తీసిన సున్నపురాతి పలకలు కొత్త కట్టడాలకు ముడిసరుకయ్యాయి. సర్వేయరు కోలిన్ మెకంజీ అక్కడికి చేరేసరికి మహాస్తూపం చెదరడం మొదలైపోయింది, మిగిలిన శిల్పాల్లో గణనీయమైన భాగం నేడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. నాగార్జునకొండలో కథ మరోలా నడిచింది: ఎ. రంగస్వామి సరస్వతి 1926లో వెలుగులోకి తెచ్చిన ఇక్ష్వాకుల రాజధాని లోయ, నాగార్జునసాగర్ నీటిలో మునగబోతుందని తెలియగానే 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ అంతా తవ్వి, ముఖ్య కట్టడాలను కొండపైకి, అనుపుకు తరలించారు. నిర్మాణం రెండు చోట్లా జరిగింది. మొదటి చోట పలుగు ముందు పడి పరిశీలన తరువాత వచ్చింది, రెండో చోట ఆ వరుస మారింది. నాగార్జునకొండకు ఆ అదృష్టం దక్కడానికి అది అప్పటికే పేరున్న స్థలం కావడం కారణం; పేరులేని పొలానికి ఆ అదృష్టాన్ని పంచగలిగే సాధనం పరీక్షా కందకం ఒక్కటే.

రైతులలోనూ రియల్ ఎస్టేట్ వ్యాపారులలోనూ బలంగా నాటుకున్న భయాన్ని కూడా ఇక్కడ గుర్తించాలి. ఏదైనా దొరికితే భూమి చేజారుతుందన్న నమ్మకం ఉన్నచోట, రాతి వలయాలు రాత్రికి రాత్రే మాయం కావడం ఆశ్చర్యం కాదు. ఆ భయం పూర్తిగా నిరాధారమూ కాదు: ఇళ్లు వెలిశాక స్థలం రక్షిత జాబితాతో ముడిపడితే, గది పెంచుకోవడానికి సైతం అనుమతులు వెతుక్కోవలసి వస్తుంది. కందకం ముందే పడితే చాలా పొలాల్లో ఫలితం ఖాళీ నేలే అవుతుంది, అప్పుడు ఆ ఖాళీని లిఖితపూర్వకంగా ధ్రువీకరించే నివేదిక యజమానికి మేలే చేస్తుంది; శూన్య ఫలితాన్ని విఫలమైన పనిగా చూసే అలవాటు పురావస్తు శాఖలు కూడా మానుకోవాలి.

అవశేషాలు బయటపడినప్పుడు సైతం నిర్మాణం ఆగనవసరం లేదు. తమిళనాడు నిబంధనల ప్రకారం 10,000 చదరపు మీటర్లు మించిన లేఅవుట్‌లో, రోడ్లు మినహా మిగిలిన విస్తీర్ణంలో పది శాతాన్ని ప్రజల ఉమ్మడి ఖాళీ స్థలంగా వదిలి, దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. ఓఎస్ఆర్ అని వ్యవహరించే ఆ భాగం సాధారణంగా ప్లాట్లకు అనుకూలించని ఏదో ఒక మూలకు చేరుతుంది. సమాధులు ఏ మూల ఉన్నాయో నక్షా గీయకముందే తెలిస్తే, ఎలాగూ వదలవలసిన ఆ పది శాతాన్ని వాటి మీదనే ఉంచి, పైన పార్కు చేసి, కింది నేలను కదిలించకుండా కాపాడవచ్చు. ప్లాటు ఒక్కటీ తగ్గదు. నక్షా ఆమోదం పొంది ప్లాట్లు అమ్ముడైన తరువాత అదే సమాధి బయటపడితే కొన్నవారు, అమ్మినవారు, పురావస్తు శాఖ కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. వ్యవసాయ భూమిని నివాస వినియోగానికి మార్చమని దరఖాస్తు పెట్టే దశలోనే, పెద్ద విస్తీర్ణాలకైనా, పరీక్షా కందకాల నివేదికను జతచేయాలన్న ఒక్క నియమం ఈ వరుసను సరిచేయగలదు. 1961లో ఏర్పడిన రాష్ట్ర పురావస్తు శాఖ, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ చెన్నై సర్కిల్, మద్రాసు విశ్వవిద్యాలయపు ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగం ఒకే నగరంలో ఉన్నందున, ఆ నివేదికలను రాయగలవారికీ పరిశీలించగలవారికీ ఇక్కడ కొరత లేదు. కొరవడినది సీఎండీఏ దరఖాస్తు ఫారంలో అందుకు ఒక గడి.