లివరు కంటే ముందు రిమ్ము

పాత డ్రాప్ హ్యాండిల్ సైకిలుకు బ్రేకులు బాగుచేయాలంటే రెండు దారులు. ఉన్న వైన్‌మన్ సెంటర్‌పుల్ బ్రేకుల్నే విప్పి కడిగి, వైర్లూ రబ్బర్లూ కొత్తవి వేసుకోవడం ఒకటి. డ్యూయల్ పివట్ బ్రేకులు కొని, వైరు టేపు కింద దాగే ఏరో లివర్లు బిగించుకోవడం రెండోది. కాగితం మీద రెండోదే గెలుస్తుంది. హౌరాలో అంత తేలిగ్గా గెలవదు.

ఇక్కడ దిగుడు రోడ్లు లేవు, నేలంతా చదును. హౌరా బ్రిడ్జి దగ్గర బస్సు, తోపుడు బండి, నెత్తిన మూటతో కూలీ అందరూ ఒకేసారి అడ్డొస్తారు. వేగం తక్కువే, బ్రేకు మాత్రం మాటిమాటికీ పట్టాలి. అదీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడి రిమ్ముమీద.

ఆసన్‌సోల్‌లోని సేన్-రాలీ ఫ్యాక్టరీ (1980లో జాతీయమై సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అయింది) ఈ ప్రాంతానికి అలవాటు చేసిన బండి రాడ్ బ్రేకుది. దాని రబ్బర్లు రిమ్ము లోపలి అంచును పట్టుకుంటాయి. చక్రం కాస్త అటూ ఇటూ ఊగినా దానికి పట్టదు, తుప్పు పట్టడానికి వైరే లేదు. మొరటుదే గానీ తెలివైన పనితనం. అయినా వానలో అదీ నిలబడదు. కారణం బ్రేకు కాదు, క్రోమియం పూసిన ఉక్కు రిమ్ము. ఆ నున్నటి ఉక్కుమీద నీటి పొరను రబ్బరు తుడవలేదు. పాత డ్రాప్ హ్యాండిల్ బళ్లలోనూ చాలావాటికి ఉన్నది ఇదే రిమ్ము. అందుకే లివర్లతో మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు జాలి.

ఇక అసలు పోటీ. డ్యూయల్ పివట్ వేలి ఒత్తిడిని బాగా పెంచి రిమ్ముకు అందిస్తుంది, నిజమే. కానీ ఆ బలం కావాలంటే రబ్బర్లు రిమ్ముకు బాగా దగ్గరగా ఉండాలి. ఒక్క గుంతలో పడి చక్రం వంకర పోయిందా, ఇక రాపిడే. సెంటర్‌పుల్‌కు అంత బలం లేదు. రెండు చేతుల్నీ నడిమి తీగ సమానంగా లాగుతుంది కాబట్టి ఒక పక్కకు ఒరగదు, కాస్త వంకరనూ ఓర్చుకుంటుంది. ఈ రోడ్లమీద నా ఓటు దానికే.

లివర్ల విషయంలో మాత్రం కొత్తవే మెరుగు. పట్టు చేతికి నిండుగా ఉంటుంది. పాతవాటికి అదనంగా తగిలించిన అడ్డ లివర్లను మొదట పీకేయండి. చివరిదాకా నొక్కినా అవి ఇచ్చే పట్టు అంతంతమాత్రం.

చక్రాలు మార్చేవారికి ఒక లెక్క: 27 అంగుళాల రిమ్ము వ్యాసం 630 మిల్లీమీటర్లు, 700సీది 622. అంటే బ్రేకు రబ్బరు మరో 4 మిల్లీమీటర్లు కిందికి అందాలి. కొనేముందు కొలవండి. కొత్త బ్రేకుల్లోనూ పాత ఫోర్కుకు సరిపడే, నట్టు బిగించే రకం ఇప్పటికీ దొరుకుతుంది, దానికోసం ఫోర్కుకు డ్రిల్లు పెట్టించనక్కర్లేదు.

డబ్బు పెట్టే వరుస ఇది: ముందు అల్యూమినియం రిమ్ములు, తర్వాత మంచి రబ్బర్లు, వైర్లు, ఆపైన లివర్లు. ఇవన్నీ అయ్యాక కూడా పట్టు చాలకపోతేనే డ్యూయల్ పివట్ కొనండి.