తాళం లేని పద్యం, వెంట నడిచే కీబోర్డు

శివరాత్రి జాగారానికో తిరునాళ్లకో రాయలసీమ పల్లెలో పౌరాణిక నాటకం పెట్టిస్తే, కృష్ణుడి వేషం ఎవరిదని అడిగినంత పట్టింపుగా హార్మోనియం ఎవరిదని కూడా అడుగుతారు. ఇప్పుడు నందికొట్కూరు వైపు నాటకాల్లోనూ కీబోర్డు, తబలా పక్కన ప్యాడ్స్ మామూలయ్యాయి. కరెంటు వాయిద్యాలొచ్చి నాటకం పాడైందని పెద్దలు గొణుగుతారు. వాయిద్యం మారిన మాట నిజమే. వాయించే విద్య మాత్రం మారలేదు. దాన్ని మారనివ్వనిది పద్యమే.

పాటకు తాళం ఉంది, పద్యానికి లేదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, శార్దూలంలో 19. రాసేటప్పుడు గురులఘువుల లెక్క తప్పకూడదు. పాడేటప్పుడు ఆ లెక్కను పైకి వినపడనివ్వకూడదు. పాదం చివర మాట సగంలో ఉంటే నటుడు ఊపిరి బిగబట్టి తర్వాతి పాదంలోకి దాటిస్తాడు, భావం ముగిసిన చోటే ఆగుతాడు. చివరి పాదంలో ఒక అక్షరం పట్టుకుని రాగం తీస్తాడు. ఎంతసేపు తీస్తాడో అతనికే ముందుగా తెలియదు. వన్స్ మోర్ పడితే అదే పద్యాన్ని ఇంకో సంగతితో అందుకుంటాడు.

హార్మోనిస్టు నైపుణ్యమంతా ఇక్కడే ఉంది. మాట ముగిసేలోపు ఆ నటుడి శ్రుతి అందించాలి. ఒకరిది నాలుగైతే ఇంకొకరిది ఐదు కావచ్చు. గొంతుకు వెంట్రుకవాసి వెనక నడవాలి. నటుడు ఊపిరి తీసుకున్నప్పుడు అదే సంగతితో ఖాళీ పూరించాలి. పై షడ్జమం దగ్గర గొంతు తడబడితే ఆ స్వరాన్ని గట్టిగా నిలిపి దారి చూపాలి. అందుకే కీబోర్డులో ముందే నింపి ఉంచిన రిథమ్ పద్యానికి పనికిరాదు. పనికొచ్చేవి వేరే ఉన్నాయి. మీట నొక్కితే శ్రుతి మారుతుంది. హార్మోనియంలో పలకని జారుడు గమకం బెండ్ చక్రంతో కొంత పలుకుతుంది. కృష్ణుడి ప్రవేశానికి వేణునాదం దొరుకుతుంది.

అసలు హార్మోనియమూ పరాయిదే. 1842లో పారిస్‌లో దెబాన్ పేటెంటు పొందిన వాయిద్యాన్ని, కింద కూర్చుని వాయించేలా కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మార్చాడు. గమకం పలకదంటూ 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది. తెలుగు నాటకం మాత్రం దాన్ని వదల్లేదు. 1886లో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ అనే నాటక సమాజం పెట్టినప్పటి నుంచీ సీమ రంగస్థలానికి సంగీతం ఆయువుపట్టు. అదే బళ్ళారికి చెందిన నటుడు రాఘవ, పాట మితిమీరితే నటన చచ్చిపోతుందని వాదించాడు. ఆ తగవు నేటికీ తీరలేదు.

తగవు ఎలా ఉన్నా, ఛందస్సు చదవని రైతుకు తిరుపతి వేంకట కవుల పద్యాలు నోటికి రావడం పద్యాన్ని ఇలా పాడిన పుణ్యమే. హరిశ్చంద్ర కాటిసీనులో జాషువా శ్మశానపద్యాలు కలిసిపోయాయి. అవి వేరే కావ్యంలోవని చాలామందికి తట్టదు కూడా.

కాబట్టి భయపడాల్సింది కీబోర్డు గురించి కాదు. ఖర్చు కలిసొస్తుందని రికార్డు చేసిన ట్రాక్ పెట్టి పాడించడం మొదలైతే, గొంతు యంత్రం వెంట నడవాల్సి వస్తుంది. అప్పుడు జనం వన్స్ మోర్ అన్నా నటుడి చేతిలో ఏమీ ఉండదు. కమిటీలు వేషధారితోపాటు హార్మోనిస్టుకూ తగిన పారితోషికం ఇస్తే ఆ రోజు రాదు.