వద్దనుకోవడంలోని పనితనం

సినిమా విమర్శకుడికి ఉండాల్సిన అర్హతలేవీ నాకు లేవు. టికెట్టు కొనుక్కుని, సీటు వెతుక్కుని, ఇంటర్వెల్లో సమోసా తినే మామూలు ప్రేక్షకుణ్ణి. పౌరాణికమా, హాస్యమా, ఫైటింగు సినిమానా అన్న పట్టింపు కూడా లేదు. అయితే రకరకాలవి కలిపి చూడటంతో ఒక అలవాటు పడింది. సినిమా బాగా నచ్చిందంటే అందులో ఏం లేదో వెతుకుతాను. చేతికందే సౌకర్యాల్లో దర్శకుడు దేన్ని వద్దనుకున్నాడు? ఆ ఖాళీని దేంతో నింపాడు? పనితనం నాకు కనిపించేది అక్కడే.

'మాయాబజార్' సంగతే తీసుకోండి. 1957లో విజయా వారి కోసం కె.వి. రెడ్డి తీసిన ఈ సినిమాలో భారతం ఉంది, కృష్ణుడున్నాడు, కౌరవులున్నారు, అభిమన్యుడున్నాడు. పాండవులు మాత్రం ఒక్కరూ తెరమీదికి రారు. ఈ సంగతి ఎవరో చెప్పేదాకా చాలామందికి తట్టదు. ఐదుగురు మహావీరుల్ని కథలోంచి తీసేసి, వాళ్ళ కష్టాన్ని మాత్రం ఉంచడమంటే మాటలా? రాజ్యం పోయింది కాబట్టే సుభద్ర పుట్టింటికి వస్తుంది. రాజ్యం పోయింది కాబట్టే వదిన రేవతికి మేనల్లుడు అభిమన్యుడు చులకనవుతాడు, కూతురు శశిరేఖకి దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడు మంచి సంబంధంలా కనిపిస్తాడు. పాండవులు తెరమీదికి వచ్చి ఉంటే అది రాజ్యాల గొడవయ్యేది. రాలేదు కాబట్టి మన ఇళ్ళలో జరిగే పెళ్ళి గొడవైంది. మేనరికం మాటిచ్చి, ఎదుటివాళ్ళ దశ తిరగబడగానే మాట మార్చడం ఏ ఊరివాళ్ళకి తెలియదు?

ఇందులో మాయలు బోలెడున్నాయి. లడ్లు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తాయి. మార్కస్ బార్‌ట్లే కెమెరా పట్టిన వెన్నెలని ఇవాళ చూసినా చల్లగానే ఉంటుంది. కానీ ఆ సినిమాలో అన్నిటికన్నా పెద్ద మాయకి ఏ ట్రిక్కూ అవసరం కాలేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. అప్పట్నుంచీ తెరమీద ఉన్నది సావిత్రే, కానీ మనం చూసేది ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావుని. అడుగు వేసే బరువు మారుతుంది, భుజం తిప్పే తీరు మారుతుంది. ఎవరైనా చూస్తున్నారనగానే సిగ్గు ఒలకబోస్తుంది, చూపు తప్పిందంటే లోపలి రాక్షసుడు బయటికొస్తాడు. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు ఆ మొహంలో అమాయకత్వం, ఆ పాదంలో రాక్షసబలం ఒకేసారి కనిపిస్తాయి. పక్కన లక్ష్మణకుమారుడిగా రేలంగి పడే బాధకి హాలు ఘొల్లుమంటుంది. నన్నడిగితే తెలుగు తెరమీద అంతకు మించిన ద్విపాత్రాభినయం లేదు, అదీ ఒక్క శరీరంలో.

కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాళ్ళలో సింగీతం శ్రీనివాసరావు ఒకరు. పాండవులు లేని భారతాన్ని దగ్గరుండి చూసిన ఆయన, 1987లో మాటలే లేని సినిమా తీశారు. అదే 'పుష్పక విమానం'. బెంగళూరులో నిరుద్యోగి అయిన ఓ యువకుడికి, తాగి పడిపోయిన ధనవంతుడి హోటల్ గది తాళం దొరుకుతుంది. ఆ ధనవంతుణ్ణి కట్టిపడేసి అతని బతుకు తను బతకబోతాడు. కమల్ హాసన్, అమల, మిగతా అందరూ ఒక్క డైలాగూ పలకరు.

ఇది మూకీ సినిమా కాదు. శబ్దాలన్నీ ఉన్నాయి, మాట ఒక్కటే లేదు. తేడా అక్కడుంది. హీరో అంతకుముందు ఉన్నది సినిమా హాలు పక్కనున్న లాడ్జిలో. తెరమీది ఫైటింగు చప్పుళ్ళ మధ్యే నిద్రపోవడం అలవాటు. పెద్ద హోటల్లో మెత్తటి పరుపు ఎక్కాక నిద్ర రాదు, నిశ్శబ్దం ఎక్కువైంది. వెళ్ళి ఆ రొదంతా టేపులో రికార్డు చేసుకొచ్చి, పెట్టుకుని హాయిగా పడుకుంటాడు. పేదరికం గురించి, అలవాటు గురించి, అరువు తెచ్చుకున్న సుఖం గురించి రెండు పేజీల డైలాగు రాయొచ్చు. ఇక్కడ ఒక టేపు రికార్డరు చాలింది. రోడ్డు పక్క బిచ్చగాడి ఘట్టమూ అంతే. మన హీరో తన దగ్గరున్న నోట్లు గర్వంగా చూపిస్తే, ఆ బిచ్చగాడు అంతకన్నా పెద్ద కట్ట తీసి చూపిస్తాడు. అతను చచ్చిపోయాక జనం చూసింది ఆ నోట్లనే. ఏ పాత్రా నీతి చెప్పదు, చెప్పడానికి దాని దగ్గర మాట లేదు. మాట లేకపోవడం వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. డబ్బింగు గొడవ లేకుండా ఇదే సినిమా భాషకో పేరుతో దేశమంతా ఆడింది.

అదే 1987లో మాటల మీదే బతికే హాస్యం కూడా వచ్చింది. జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట' పేరు 'మాయాబజార్'లో మాయాశశిరేఖ పాట నుంచే వచ్చింది. ఇందులో ఏం వద్దనుకున్నారని అడగొచ్చు, ఎందుకంటే పైకి అన్నీ దిట్టంగానే ఉన్నాయి. వద్దనుకున్నది నవ్వించే ప్రయత్నాన్ని. కోట శ్రీనివాసరావు లక్ష్మీపతి పాత్రలో ఒక్కసారి కూడా మనవైపు చూసి కన్ను కొట్టడు. కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినేటప్పుడు ఆయన మొహంలో నిజంగా తృప్తి ఉంటుంది. ఆ పిసినారికి తన బతుకు హాస్యం కాదు, జీవితసిద్ధాంతం. పక్కనుండే అరగుండుగా బ్రహ్మానందం పడే యాతన ఆ సిద్ధాంతానికి చెల్లించే పన్ను. పిసినారితనం అనే ఒక్క గుణాన్ని పట్టుకుని ఇంతసేపు లాగినా తెగలేదంటే, అది ఆ పాత్రని వెక్కిరించకుండా రాసిన ఫలితం.

జంధ్యాలే మాటలు రాసిన 'శంకరాభరణం' 1980 నాటిది. కె. విశ్వనాథ్ ఇక్కడ వదులుకున్నవాటి జాబితా పెద్దది. పేరున్న హీరో లేడు. నడివయసు దాటిన జె.వి. సోమయాజులు ప్రభుత్వోద్యోగి, కన్యాశుల్కంలో రామప్పపంతులుగా నాటకప్రియులకి తెలిసిన నటుడు. కథకి కేంద్రమైన ఇద్దరి మధ్య ప్రేమ అన్న మాట రాదు, స్పర్శ లేదు, సంభాషణ కూడా లేనట్టే. మంజుభార్గవి పాత్ర తులసి అంతా కళ్ళతోనే నడుస్తుంది. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది భక్తా, అనురాగమా, గురుశిష్య సంబంధమా అని సినిమా తేల్చదు, తేల్చనందుకే అది పాతబడలేదు. సంగీతం తెలియని నాలాంటివాడు కూడా పెళ్ళిచూపుల్లో కూతురి గొంతు తప్పగానే సోమయాజులు వేసిన శాస్త్రి గర్జించే చోట ఉలిక్కిపడతాడు. తప్పిన స్వరం ఏమిటో మనకి తెలియదు, తప్పడం ఎంత నేరమో ఆ గొంతు చెప్తుంది. పండితుడి కోసం తీసినట్టు కనిపిస్తూ పామరుణ్ణి కూర్చోబెట్టడంలోని కిటుకు ఇదే.

'శివ' గురించి క్లుప్తంగానే చెప్తాను, దాని గురించి అందరూ చెప్పారు కాబట్టి. 1989లో రామ్‌గోపాల్ వర్మ వద్దనుకున్నది కేకల్ని. సైకిల్ చైను తెంపిన సీను అందరికీ గుర్తుంది. నాకు గుర్తున్నది మాత్రం దానికి ముందు పేరుకునే నిశ్శబ్దం. రఘువరన్ వేసిన విలన్ భవాని గొంతు పెంచడు, పెంచకపోవడం వల్లే భయం. స్టెడీక్యామ్ పాత్రల వెంట నడుస్తుంటే మనమూ ఆ కాలేజీ వరండాలో ఉన్నట్టుంటుంది. ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది. పాటలు వచ్చినప్పుడల్లా పక్క హాల్లోకి వెళ్ళొచ్చినట్టుంటుంది. ఆ ఒక్కటీ కూడా వద్దనుకుని ఉంటే!

2012 నాటి 'ఈగ'లో రాజమౌళి ఏకంగా హీరోనే వదులుకున్నారు. నాని కథ మొదట్లోనే చచ్చిపోయి ఈగై పుడతాడు. ఆ ఈగ మాట్లాడదు, ఏడవదు, కనుబొమ్మ ఎగరేయదు. మనసులోని మాట నాని గొంతుతో వినిపించడం ఎంత తేలికో ఆలోచించండి. ఆ పని చేసి ఉంటే సినిమా పిల్లల బొమ్మైపోయేది. దాని బదులు ఈగకి నిజమైన ఈగ కష్టాలన్నీ ఉంచారు. మొదట ఎగరడమే రాదు. మనుషులు విసిరే చెయ్యే ప్రళయం. అంత చిన్న ప్రాణి అంత పెద్ద మనిషిని ఏం చేయగలదన్న ప్రశ్నకి మొదటి జవాబు, నిద్ర చెడగొట్టగలదు. ఇది మన ఇళ్ళలో అందరికీ అనుభవమే కదా. అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా కారు అద్దం మీద చంపుతానని రాసేదాకా తీసుకెళ్ళినా నమ్ముతాం.

సమంత పాత్రకి సూక్ష్మశిల్పం వృత్తిగా ఇవ్వడం ఆ పనితనానికి మంచి ఉదాహరణ. మొదట్లో అది అమ్మాయికి పెట్టిన ముచ్చటలా ఉంటుంది. తర్వాత ఈగకి కళ్ళజోడు, ఆయుధాలు కావాల్సొచ్చినప్పుడు వాటిని చేయగల చేతులు కథలో అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఈగకి సగం నటన చేసిపెట్టినవాడు విలన్ వేసిన సుదీప్. షూటింగులో ఎదురుగా ఏమీ లేని గాలిని చూసి విసుక్కోవడం, భయపడటం, పిచ్చెక్కిపోవడం ఆయన వంతు. గ్రాఫిక్స్‌కి జాతీయ అవార్డు వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ ఈగ ఉందని మనల్ని నమ్మించిన కళ్ళు ఆయనవి. దొంగ పాత్రతో హాస్యం వచ్చే చోట్ల మాత్రం నా చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది.

చివరగా ఒక ప్రేమకథ. 2018లో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' తారల్ని వదులుకుంది, సెట్టింగుల్ని వదులుకుంది. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే చాలామటుకు పాత్రధారులు. బడి పిల్లల దగ్గర్నుంచి నలభై తొమ్మిదేళ్ళకీ పెళ్ళికాని అటెండరు రాజు దాకా నాలుగు జంటలు. కులం, మతం, వృత్తి, వయసు ఒక్కో చోట అడ్డుపడతాయి. ఈ నాలుగు కథల్ని కలిపే ముడి చూడనివాళ్ళ కోసం చెప్పను. ఆ ముడి విప్పేటప్పుడు దర్శకుడు హడావుడి చేయడు. ముందే మన కళ్ళముందు పెట్టిన వాటినే మళ్ళీ గుర్తుచేస్తాడు, అంతే. మొహాలు తెలిసిన నటులతో తీసి ఉంటే ఆ ముగింపు సాధ్యమయ్యేదే కాదు. తారలు లేకపోవడం అక్కడ బీదతనం కాదు, కథకి పునాది.

వదిలేసినంత మాత్రాన సినిమా బాగుపడుతుందని కాదు. పాటలు తీసేసి, వెలుతురు తగ్గించి, పాత్రల చేత మాట్లాడించకుండా విసిగించిన సినిమాలూ చూశాను. అక్కడ ఖాళీ ఖాళీగానే మిగిలింది. పైన చెప్పినవాటిలో పోయినదాని స్థానంలో మరొకటి కూర్చుని, రెట్టింపు పని చేసింది. పాండవుల చోట పెళ్ళి గొడవ, మాట చోట టేపు రికార్డరు, హీరో చోట విలన్ కళ్ళు.

ఫైట్లు, పాటలు, సెంటిమెంటు, కామెడీ అన్నీ ఉన్నాయని పోస్టరేసిన సినిమాకీ వెళ్తాను, పండగపూట ఇంటిల్లిపాదితో. తిట్టుకోను కూడా. కానీ రెండోసారి టికెట్టు కొనేది మాత్రం ఏదో ఒకటి గట్టిగా వద్దనుకున్న సినిమాకే.