ఏడో స్థానంలో దొరికిన కిరీటం

2020 సెప్టెంబరు 13. ఇటలీలోని ముజెల్లో సర్క్యూట్‌లో ఫార్ములా 3 సీజన్ ఆఖరి రేసు. అప్పటికి 17 రేసులు పూర్తయ్యాయి. పాయింట్ల పట్టికలో ఇద్దరు సరిసమానంగా నిలిచారు. ఆస్ట్రేలియా కుర్రాడు ఆస్కార్ పియాస్ట్రికి 160, అమెరికా కుర్రాడు లోగన్ సార్జెంట్‌కు 160. వాళ్ల వెనక తొమ్మిది పాయింట్ల దూరంలో పదిహేడేళ్ల ఫ్రెంచి కుర్రాడు థియో పుర్షేర్. ఆ రోజు రేసు గెలిచింది మాత్రం ఈ ముగ్గురిలో ఎవరూ కాదు, న్యూజిలాండ్‌కు చెందిన లియమ్ లాసన్. పియాస్ట్రి వచ్చింది ఏడో స్థానంలో. పోడియం మెట్టు కూడా ఎక్కలేదు. అయినా సీజన్ ఛాంపియన్ అతనే.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇదేం లెక్కో ఒక పట్టాన అర్థం కాదు. ఆఖరి ఆటలో ఏడోవాడు విజేత ఎలా అవుతాడు? అసలు సీజన్ మొత్తంలో ఒక్కసారైనా పోల్ పొజిషన్, అంటే రేసు మొదలయ్యేటప్పుడు అందరికన్నా ముందు నిలబడే చోటు, సాధించనివాడు అందరికన్నా మేటి ఎలా అవుతాడు? జూనియర్ సింగిల్ సీటర్ రేసింగ్ ఏం నేర్పుతుందో, ఎవరిని తయారు చేస్తుందో తెలియాలంటే ఈ ప్రశ్నలే సరైన దారి.

ముప్పై కార్లు, ఒకటే అచ్చు

ఫార్ములా 1లో ఏ జట్టు కారు ఆ జట్టే తయారు చేసుకుంటుంది. డబ్బూ మేధా ఉన్న జట్టు కారు సహజంగానే ముందుంటుంది. డ్రైవర్ గొప్పా, కారు గొప్పా అన్న వాదన అక్కడ ఎప్పటికీ తెగదు. ఆ వాదనకు వీలైనంతవరకు తావు లేకుండా చేసిన మెట్టు ఫార్ములా 3. ఇక్కడ అందరిదీ ఇటలీ కంపెనీ దల్లారా చేసిన ఒకే కారు. అందరికీ మెకాక్రోమ్ వారి 3.4 లీటర్ల వీ6 ఇంజినే. శక్తి సుమారు 380 హార్స్‌పవర్. టైర్లన్నీ పిరెల్లివి. 2020లో పది జట్లు, జట్టుకు మూడు కార్ల చొప్పున ముప్పై కార్లు బరిలో దిగాయి. పవర్ స్టీరింగ్ లేదు, బ్రేకులకు మోటారు సాయం లేదు. మలుపు తిప్పాలన్నా వేగం తగ్గించాలన్నా ఆ కుర్రాళ్ల భుజాలు, మెడలు, కాళ్లే దిక్కు.

అచ్చం ఒకేలాంటి కార్లయినా అన్నీ ఒకేలా పరుగెత్తవు. రెక్కల కోణం, సస్పెన్షన్ బిగువు, టైర్లలో గాలి పీడనం వంటివి జట్టు చేతిలో ఉంటాయి. సర్దుబాటు సరిగ్గా కుదిరిన జట్టుకు ల్యాప్‌లో సెకనులో పదో వంతు కలిసొస్తుంది. ముప్పై మంది అతి తక్కువ తేడాలో కిక్కిరిసి ఉండేచోట ఆ పదో వంతే నాలుగైదు స్థానాలను మార్చేస్తుంది. పియాస్ట్రి, సార్జెంట్ ఇద్దరూ ఇటలీ జట్టు ప్రేమాకు నడిపినవాళ్లే. అంటే ఒకే గ్యారేజీ, ఒకరి టెలిమెట్రీ మరొకరికి కనిపిస్తుంది. ఏ మలుపులో ఎవరు ఎక్కడ బ్రేకు వేశారో, ఎంత బలంగా తొక్కారో, యాక్సిలరేటర్ మీద మళ్లీ ఎప్పుడు కాలు మోపారో కంప్యూటర్ తెర మీద గీతలుగా పక్కపక్కనే పడతాయి. దాచుకోవడానికి రహస్యమంటూ ఏదీ మిగలదు. ఎదుటివాడి గీత చూసి రాత్రికి రాత్రి నేర్చుకుని, మర్నాడు అతన్నే ఓడించాలి. జూనియర్ రేసింగ్‌లో మొదటి పాఠం ఇదే.

బ్రేకు మీద కాలు

చూసేవాళ్లకు రేసింగ్ అంటే యాక్సిలరేటర్ తొక్కడం. నడిపేవాళ్లకు అది బ్రేకు వదలడం. ముజెల్లోనే చూద్దాం. కిలోమీటరు దాటిన మెయిన్ స్ట్రెయిట్ చివర సాన్ డొనాటో అనే మొదటి మలుపు ఉంటుంది. కుడివైపు తిరుగుతూ, మిట్ట ఎక్కుతూ పోతుంది. కారు అక్కడికి గంటకు మూడు వందల కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది. అంత వేగంలో ముందూ వెనకా ఉన్న రెక్కల మీదుగా వీచే గాలి కారును నేలకు అదిమిపెడుతుంది. దీన్నే డౌన్‌ఫోర్స్ అంటారు. టైర్లకు పట్టు గరిష్ఠంగా ఉండేది ఆ క్షణంలోనే. కాబట్టి ఎడమ కాలితో ఒక్కసారిగా, ఒంట్లో బలమంతా పెట్టి బ్రేకు తొక్కాలి.

అక్కడి నుంచే అసలు పని మొదలవుతుంది. వేగం తగ్గుతున్నకొద్దీ గాలి అదుము తగ్గుతుంది, దాంతో టైరు పట్టూ తగ్గుతుంది. కాలి బలం అలాగే ఉంచితే చక్రం తిరగడం ఆగి, టైరు రోడ్డును రాసుకుంటూ పొగలు కక్కుతుంది. అందుకే వేగం తగ్గే లెక్కకు సరిపడా కాలును కొంచెం కొంచెంగా సడలించాలి. స్టీరింగ్ తిప్పడం మొదలయ్యాక కూడా బ్రేకు పూర్తిగా వదలకూడదు. ఆ కాస్త ఒత్తిడి బరువును ముందు చక్రాల మీద నిలిపి కారు ముక్కును మలుపులోకి తిప్పుతుంది. దీన్ని ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. తొందరపడి వదిలేస్తే ముక్కు తిరగక కారు బయటికి జారుతుంది. ఆలస్యంగా వదిలితే వెనక భాగం తేలికై బొంగరంలా తిరిగిపోతుంది. ఈ రెండు తప్పుల మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. ముజెల్లోలో ఇలాంటి మలుపులు పదిహేను. ల్యాప్ ల్యాప్‌కూ టైరు అరుగుతూ, ఇంధనం తగ్గి కారు తేలికవుతూ ఉంటుంది కాబట్టి ఆ సందు కూడా ఒకచోట నిలవదు.

గాలితో బేరం

వారాంతంలో 45 నిమిషాల ప్రాక్టీసు ఉంటుంది. ఆ తర్వాత 30 నిమిషాల క్వాలిఫయింగ్. గ్రిడ్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో తేలేది అక్కడే. కొత్త టైరు తన పూర్తి పట్టు చూపేది ఒకటి రెండు ల్యాప్‌లే. ఆ ల్యాప్‌లో ముందు ఎవరైనా నెమ్మదిగా పోతుంటే పని పాడవుతుంది. ముందు ఎవరూ లేకపోయినా నష్టమే. లారీ వెనక సైకిలు తొక్కినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. ముందున్న కారు గాలిని చీల్చి ఇచ్చిన దారిలో వెనక కారు తక్కువ శ్రమతో ఎక్కువ వేగం అందుకుంటుంది. ఇదే స్లిప్‌స్ట్రీమ్. పొడవైన స్ట్రెయిట్లున్న మోన్జా సర్క్యూట్‌లో ఈ సాయం కోసం ఎవరికి వారు వెనకే ఉండాలని చూస్తారు. 2019లో అక్కడ ఫార్ములా 3 కుర్రాళ్లంతా నువ్వు ముందంటే నువ్వు ముందని ట్రాక్ మీద నత్తనడక నడిచి, క్వాలిఫయింగ్‌నే నవ్వులపాలు చేశారు. చాలామందికి జరిమానాలు పడ్డాయి.

స్ట్రెయిట్‌లో మేలు చేసిన గాలే మలుపులో కీడు చేస్తుంది. ముందు కారు చెదరగొట్టిన గాలి వెనక కారు రెక్కలకు సరిగ్గా అందదు. అదుము తగ్గి టైర్లు జారతాయి, జారితే వేడెక్కుతాయి, వేడెక్కితే అరిగిపోతాయి. ముందున్న కారుకు ఒక సెకను లోపల ఉంటే నిర్ణీత స్ట్రెయిట్లలో వెనక రెక్క తెరుచుకునే డీఆర్‌ఎస్ సాయం దొరుకుతుంది. అది దొరకాలంటే దగ్గరగా ఉండాలి, టైర్లు మిగలాలంటే దూరంగా ఉండాలి. ఎన్ని ల్యాప్‌లు ఓపిక పట్టాలి, ఏ ల్యాప్‌లో తెగించాలి అనేది నిర్ణయించుకోవాల్సింది డ్రైవరే. ఫార్ములా 1లోలా మధ్యలో టైర్లు మార్చుకుని తప్పు దిద్దుకునే వ్యూహం ఇక్కడ లేదు. మొదలుపెట్టిన టైర్లతోనే ముగించాలి.

తలకిందుల గ్రిడ్

2020లో ప్రతి వారాంతం రెండు రేసులు జరిగాయి. మొదటి రేసుకు క్వాలిఫయింగ్ వరసే గ్రిడ్. రెండో రేసుకు మొదటి పదిమందిని తలకిందులు చేశారు. అంటే మొదటి రేసులో పదో స్థానంలో వచ్చినవాడు రెండో రేసులో అందరికన్నా ముందు నిలబడతాడు, గెలిచినవాడు పదో స్థానానికి పోతాడు. ఇదేం న్యాయమని అనిపించవచ్చు. కానీ ఇందులో చదువు ఉంది. వేగంగా పోవడం ఒక విద్య, ముందున్నవాళ్లను దాటడం మరో విద్య. రెండూ వచ్చినవాణ్నే పై మెట్టుకు పంపాలన్నది దీని ఉద్దేశం.

ఈ పద్ధతిలో పాయింట్లు ఎలా కూడతాయో చూస్తే పియాస్ట్రి లెక్క అర్థమవుతుంది. ఆ ఏడాది కొవిడ్ వల్ల బహ్రెయిన్‌లో మార్చిలో మొదలు కావాల్సిన సీజన్ జులైకి వాయిదా పడింది. తొమ్మిది వారాంతాలు పదకొండు వారాల్లో ఇరికించారు. ఆస్ట్రియాలోని రెడ్‌బుల్ రింగ్‌లో రెండు, బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్‌లో రెండు జరిగాయి. చెడ్డ వారాంతం వస్తే కూర్చుని బాధపడే వ్యవధి కూడా లేదు, మరో రేసు తలుపు తడుతుంటుంది. పియాస్ట్రి రెడ్‌బుల్ రింగ్‌లో తొలి రేసే గెలిచాడు. తర్వాత బార్సిలోనాలో ఒకటి గెలిచాడు. సీజన్ మొత్తానికి అంతే, రెండు విజయాలు. లాసన్, ప్రేమా మూడో డ్రైవర్ ఫ్రెడరిక్ వెస్టి చెరో మూడు గెలిచారు. సార్జెంట్ పోల్స్ సాధించాడు. అప్పట్లో ఒక్కో పోల్‌కు నాలుగు పాయింట్లు అదనం. పుర్షేర్ పదహారేళ్లకే రెడ్‌బుల్ రింగ్‌లోనూ హంగరోరింగ్‌లోనూ గెలిచి అందరినీ అబ్బురపరిచాడు. వీళ్లందరూ మెరిసిన రోజుల్లో పియాస్ట్రి ఏం చేశాడు? రెండో స్థానమో, ఐదో స్థానమో, కారు సహకరించని రోజున ఆరో ఏడో ఇంటికి తెచ్చాడు.

ముజెల్లోలో అదే చేశాడు. శనివారం రేసులో పాయింట్లు దక్కే తొలి పదిమందిలో లేకపోయాడు. సార్జెంట్ వచ్చి సమానమయ్యాడు. ఆదివారం పియాస్ట్రి పదిమంది వెనక నుంచి బయలుదేరాల్సి వచ్చింది. మొదటి ల్యాప్‌లోనే సార్జెంట్ కారు మరో కారుతో ఢీకొని రేసు నుంచి తప్పుకుంది. అక్కడితో కిరీటం తన ఒళ్లో పడిందని పియాస్ట్రి అనుకుని ఉంటే కథ వేరేలా ఉండేది. పుర్షేర్ ముందుకు దూసుకెళ్లి మూడో స్థానంలో ముగించాడు. అతని మొత్తం 161కి చేరింది. పియాస్ట్రి పదిమంది వెనకే ఉండిపోయి ఉంటే అతని లెక్క 160 దగ్గరే ఆగేది, కిరీటం ఒక్క పాయింటు తేడాతో ఫ్రాన్స్‌కు పోయేది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఏడో స్థానానికి ఎక్కి తెచ్చుకున్న నాలుగు పాయింట్లే అతన్ని 164 దగ్గర నిలిపాయి. అతి తెగింపుతో ఆరో స్థానానికి ఎగబడి ఢీకొని ఉన్నా పోయేది. ఎంత కావాలో అంతే తీసుకోవడం తెలిసిన చేతికే ఆ రోజు పట్టం దక్కింది.

మెట్ల మీద మిగిలినవాళ్లు

ఈ మెట్లు ఎందుకు అంటే, ఫార్ములా 1లో నడపాలంటే సూపర్ లైసెన్సు కావాలి. దానికి మూడేళ్లలో 40 పాయింట్లు కూడబెట్టాలి. ఫార్ములా 3 ఛాంపియన్‌కు 30 వస్తాయి. పియాస్ట్రి మరుసటి ఏడాదే పై మెట్టయిన ఫార్ములా 2 గెలిచాడు. అయినా 2022 మొత్తం సీటు లేక రిజర్వు డ్రైవర్‌గా బయట కూర్చున్నాడు. 2023లో మెక్‌లారెన్‌లో చేరి, 2024లో హంగరీలో తొలి గ్రాండ్ ప్రీ గెలిచాడు. సార్జెంట్ విలియమ్స్‌కు ఎక్కి, 2024 సీజన్ మధ్యలో సీటు పోగొట్టుకున్నాడు. పుర్షేర్ 2023లో ఫార్ములా 2 ఛాంపియన్ అయినా ఫార్ములా 1 సీటు చిక్కలేదు. ఇక 2020 పట్టికలో సున్నా పాయింట్లతో కింది వరసలో ఉన్న జాక్ డూహన్ మరుసటి ఏడాది అదే ఫార్ములా 3లో రెండో స్థానానికి ఎగబాకి, చివరికి ఫార్ములా 1 గ్రిడ్‌లో నిలబడ్డాడు. ప్రతిభ ఒక్కటే చాలదు. ఖాళీ సీటు, వెనక నిలబడే డబ్బు, సరైన సమయం అన్నీ కలవాలి. ఒక సీజన్ ఖర్చు పది లక్షల యూరోలు దాటే ఆటలో ఈ మాట దాచి చెప్పడం అన్యాయం.

ఆ ఖర్చే మన పిల్లలకు పెద్ద అడ్డు. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. కోయంబత్తూరుకు చెందిన నరేన్ కార్తికేయన్, మారుతి ఇంజిను బిగించిన ఫార్ములా మారుతి కార్లలో ఓనమాలు దిద్దుకుని 2005లో ఫార్ములా 1లో నడిపిన తొలి భారతీయుడయ్యాడు. ముంబయి కుర్రాడు జెహాన్ దారువాలా 2019లో ఇదే ఫార్ములా 3లో, ఇదే ప్రేమా జట్టులో మూడో స్థానం సాధించాడు. 2023 నుంచి మన దేశంలోనే ఫార్ములా 4 ఛాంపియన్‌షిప్ నడుస్తోంది. 2024లో చెన్నై వీధుల్లో రాత్రిపూట దీపాల వెలుగులో ఆ కార్లు పరుగెత్తాయి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2022లో ఇండియన్ రేసింగ్ లీగ్, 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ జరిగినప్పుడు జనం బాగానే వచ్చారు. కానీ ఒకటి రెండు రోజుల సంబరంతో డ్రైవర్లు తయారు కారు. పదేళ్ల వయసులో కార్టింగ్, పదిహేనుకు ఫార్ములా 4, ప్రతి మెట్టులో ఏటా పదుల కొద్దీ రేసులు ఉండాలి. మన ప్రభుత్వాలూ ప్రాయోజకులూ వీధి రేసు మీద పెట్టే డబ్బులో కొంతయినా ఆ కింది మెట్లకు మళ్లిస్తే ఫలితం కొన్నేళ్ల తర్వాతైనా కనబడుతుంది.

పాఠకులకు ఒక సూచన. గ్రాండ్ ప్రీ వారాంతాల్లో ముందుగా జరిగే ఫార్ములా 3 రేసులను ఈసారి దాటేయకండి. గెలిచినవాడి పేరుతో పాటు, అధ్వాన్నమైన రోజున కూడా ఆరో ఏడో స్థానం తెచ్చుకున్నవాడి పేరు రాసి పెట్టుకోండి. ఏడాది చివర పట్టికలో ఆ పేరు ఎక్కడుందో చూడండి. ఎవరు రేపు పైకి వస్తారో విశ్లేషకుల కన్నా ముందు మీకే తెలుస్తుంది.