అంధత్వము – వర్చువల్ చిత్రము – గ్రామప్రదర్శనము

చలనచిత్రకళలో వర్చువల్ రియాలిటీ యొక నూతన ప్రక్రియ. ముఖమునకు యంత్రము తొడిగికొన్న ప్రేక్షకుడు తల యెటు త్రిప్పిన నటు దృశ్యము సాక్షాత్కరించును. ఇది సానుభూతిని కలిగించు యంత్రమని 2015లో అమెరికా దర్శకుడు క్రిస్ మిల్క్ ప్రసంగించెను. వికలాంగుల విషయమున నీ వాద మెంతవరకు నిలుచును? చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములం దిట్టి చిత్రములను చూపదలచువా రీ ప్రశ్నను ముందుగా విచారింపవలెను.

ఈ ప్రక్రియలో నుత్తమకృతి 2016లో వెలువడిన 'నోట్స్ ఆన్ బ్లైండ్‌నెస్: ఇన్‌టు డార్క్‌నెస్'. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయాచార్యుడు జాన్ హల్ 1983 నాటికి చూపు పూర్తిగా కోల్పోయి, తన యనుభవమును క్యాసెట్లలో పలికి భద్రపరచెను. ఆ కంఠస్వరమే చిత్రమునకు ప్రాణము. చీకటిలో శబ్దము పుట్టినచోట నీలికాంతి బిందువులతో వస్తురూపము తోచును. శబ్ద మాగిన రూపము నశించును. వర్షధార తాకిన ప్రతి వస్తువును తన యునికిని తానే చెప్పుకొనును. అంధత్వము కేవల లోపము గాదనియు, లోకమును తెలిసికొను వేరొక మార్గమనియు నిది నిరూపించినది. దీని గొప్పతన మదియే.

అయినను ప్రమాద మొకటి కలదు. కొలదిసేపు కన్నులకు గంతలు కట్టుకొన్నవారు, అంధులు పనిచేయుటకును స్వతంత్రముగా జీవించుటకును తక్కువ సమర్థులని తలచిరని 2015లో ఆరియెల్ సిల్వర్‌మన్ ప్రభృతులు ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. తొలిగడియ తడబాటు వారికి తెలిసినదే కాని, యేండ్ల యభ్యాసమున నబ్బిన నేర్పు తెలియలేదు. హల్ చిత్రము దీర్ఘానుభవమును వినిపించుటచే నీ దోషమును చాలవరకు తప్పించుకొన్నది.

మరియొక లోపము ప్రక్రియలోనే యున్నది. అది శరీరానుభవమును చూపును; కారణమును చూపదు. బాగేపల్లి ప్రాంతపు భూగర్భజలములలో ఫ్లోరైడు మిక్కుటము. అట్టి నీటిని యేండ్లతరబడి త్రాగినవారికి ఎముకలు, కీళ్లు బిగిసికొనును. ఆ బాధను యంత్రమున నెంత చక్కగా ననుభవింపజేసినను, బావినీటి కథను చెప్పని చిత్రము సగము సత్యమే. ఇచట వలసినది కన్నీరు గాదు, మంచినీరు.

ఇక ప్రదర్శనవిధానము. తోలుబొమ్మలాటలో నొక్క తెరముందు ఊరంతయు కూర్చుండి నవ్వును, ప్రశ్నించును. ఈ యంత్రము ప్రేక్షకుని నొంటరిని చేయును. సుమారు ఇరువది నిమిషముల చిత్రమును గంట కొక్క యంత్రమున మువ్వురే చూడగలరు. కావున శబ్దమును తక్కినవారికిని వినిపింపవలెను. ఇంట తెలుగు, బడిలో కన్నడము నైన యీ సీమలో, అంధత్వమును గూర్చిన చిత్రమునకు అడుగున అక్షరములు వ్రాసి యూరకుండుట హాస్యాస్పదము. ఇచటి తెలుగున చదివి వినిపింపవలెను. తెలుగు కన్నడములు రెంటను తత్త్వములు రచించిన కైవార నారాయణ తాతయ్య మాట యీ ప్రజలకు చెవినుండియే గదా హృదయమున చేరినది!

ప్రదర్శనానంతరము మొదటి మాట ఆ యూరి వికలాంగులది కావలెను. చిత్రము తప్పన్నచో తప్పని చెప్పు నధికారము వారిది. ఆ మాటను సభ విన్ననాడే సానుభూతి సార్థకమగును.