అనంతశయన నగరమున రవివర్మ చిత్రములు

సముద్రతీరమునకు విహారార్థము పోవువారు చిత్రశాలలను చూచుట అరుదు. ఇసుకయు, అలలును, కొబ్బరిబొండములును చాలునని వారి తలంపు. మా కుటుంబమునందును ఈ అభిప్రాయమే ప్రబలముగా నుండెను. మధుర నుండి కోవళమునకు నాలుగు దినములు పోయివత్తమని పిల్లలు సంకల్పించినప్పుడు, వారి లెక్కలో తిరువనంతపురము రైలు దిగుటకు మాత్రము పనికివచ్చు ఊరు. కోవళమునకు ఆ నగరము పదునైదు కిలోమీటర్ల దూరముననే యున్నను దానివైపు చూచినవారు లేరు. అర్ధచంద్రాకారమున వంగిన తీరములను, 1972లో వెలిగిన దీపస్తంభమును మూడు దినములు చూచి తనిసిన పిమ్మట, నాలుగవ దినమును మా కోరికకు విడిచిరి. అది సోమవారము కాకుండుట అదృష్టము. సోమవారము అచటి మ్యూజియములు మూసియుండును. ప్రయాణ వృత్తాంతము ఇంతటితో చాలును. మేము వ్రాయదలచినది అచట చూచిన చిత్రములను గూర్చి.

మ్యూజియపు ఆవరణము విశాలమైనది. నడుమనున్న నేపియరు మ్యూజియము 1880లో రాబర్టు చిషోమ్ అను శిల్పి రూపకల్పనను బట్టి కట్టబడినది. మధుర వారికి నేపియరు ప్రభువు పేరు క్రొత్తది కాదు. శిథిలమైన తిరుమల నాయకుని మహలును బాగుచేయించిన మద్రాసు గవర్నరు ఆయనయే. లోపలి కంచు విగ్రహములను గూర్చి వ్రాయుటకు మఱొక వ్యాసము కావలెను.

శ్రీచిత్రాలయము 1935లో నాటి మహారాజు శ్రీ చిత్తిర తిరునాళ్ కాలమున తెఱవబడినది. దానిని తీర్చినవాడు ఐర్లండు దేశపు కవి జేమ్సు కజిన్సు. మైసూరునందలి జగన్మోహన ప్రాసాద చిత్రశాలకు మొదట రూపు కల్పించినవాడును ఆయనయే యని కర్ణాటకమందలి మన సోదరులు ఎఱుగుదురు. తెలుగువారికి ఆయనతో అంతకంటె దగ్గఱ సంబంధము గలదు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఆయన చిరకాలము పనిచేసెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఆ ఊరికి వచ్చి జనగణమనకు ఇంగ్లీషు అనువాదము వ్రాసినది ఆయన ఆతిథ్యముననే. 1956లో ఆయన కన్నుమూసినదియు మదనపల్లెలోనే. తిరువనంతపురపు చిత్రశాలను చూచునప్పుడు ఈ సంగతి మనస్సున నుంచుకొనుట మంచిది.

కజిన్సు బెంగాలు చిత్రకళోద్యమమును గట్టిగా బలపఱచినవాడు. ఆ ఉద్యమమువారికి రవివర్మ అనిన గిట్టదు. పడమటివారి తైలవర్ణములతో మన పురాణములను నాటకరంగపు వేషములుగా మార్చెనని వారి నింద. ఆనంద కుమారస్వామియు, సోదరి నివేదితయు ఈ మాటనే తమతమ రీతుల వ్రాసిరి. అట్టి పక్షమునకు చెందిన కజిన్సు, రవివర్మను వెలివేయక, బెంగాలు చిత్రములకును, జామినీ రాయ్, రోరిక్ మొదలగువారి పటములకును, తంజావూరు బంగారురేకు పటములకును, టిబెట్టు, చైనా, జపాను, బలి ద్వీపముల చిత్రములకును ఒకే కప్పు క్రింద చోటు కల్పించెను. ఇరువది యేండ్ల క్రిందట ఉద్యోగపు పనిమీద ఆ నగరమునకు పోయినప్పుడు మేము ఆ చిత్రశాలను అట్లే చూచితిమి. వాదించుకొనుచున్న బంధువులందఱు ఒక పెండ్లిపందిటిలో కూర్చున్నట్లు తోచినది. ఎవరి పక్షము సరియైనదో చెప్పునట్టి పని చిత్రశాల పెట్టుకొనలేదు, చూచువానికే విడిచినది.

ఇప్పుడు రవివర్మ చిత్రములను సాక్షాత్తుగా చూచువారికి మొదట కలుగునది ఆశ్చర్యము కాదు, అనుమానము. ఇవి మనము చూచినవే గదా యని. తెలుగువాడు ఏ రాష్ట్రమున స్థిరపడినను, వాని పూజాగదిలో తామరపై నిలిచిన లక్ష్మియు, వీణ పట్టిన సరస్వతియు రవివర్మ ముఖములతోనే యుండిరి. మా నాయనమ్మ ప్రతి శుక్రవారము కుంకుమ పెట్టి పెట్టి లక్ష్మి నుదుటిపై అద్దము ఎఱ్ఱబడెను. ఆ పటములకు మూలము చేతితో వ్రాసిన తైలచిత్రమని, దానిని వ్రాసినవాడు 1848లో కిళిమానూరున పుట్టి 1906లో గతించిన మనుష్యుడని మా యింట నెవరికిని తెలియదు.

ఆ అనుమానము హంసదమయంతి యెదుట నిలిచిన కొంతసేపటికి తీరును. 1899 నాటి యీ చిత్రమున ఎఱ్ఱచీర కట్టిన దమయంతి హంస చెప్పునది వినుచున్నది. శ్రీనాథుని శృంగారనైషధము చదివినవారికి కథ క్రొత్తది కాదు. అయితే ఆ కావ్యమున హంస మాటలాడును. ఇచట మాటలు లేవు, విను ముఖము మాత్రమే యున్నది. సిగ్గును, ఆశయు, తాను వినుచున్నానని ఎవరైన చూతురేమో యను శంకయు ఆ ముఖమున ఒకదానిలో నొకటి కలిసినవి. ముద్రణపటమున ఈ మూడింటిలో సిగ్గొక్కటే మిగిలినది. చీర మడతలలో వెలుగు నిలిచిన తీరు, హంస తెల్లదనము తెలుపొక్కటే కాక నీలము, పసుపు కలిసిన తెలుపగుట, ఇవి దగ్గఱకు పోయి చూచినగాని తెలియవు.

దుష్యంతుని కొఱకు వెనుకకు చూచు శకుంతల ఇంకను గొప్పది. కాలిలో దర్భముల్లు గ్రుచ్చుకొనినదను నెపమున ఆమె ఆగినది, ప్రక్కన సఖులున్నారు. కాళిదాసు ఈ ముల్లును రాజు నోట చెప్పించెను. రవివర్మ రాజును చిత్రమునకు వెలుపల, మనము నిలుచున్న దిక్కుననో మఱెచటనో దాచి, చూపును మాత్రము లోపల నుంచెను. పాదము పైకి లేచినది, తల వెనుకకు తిరిగినది, చేయి సఖి భుజముపై ఆనినది. దేహమొక వైపు, మనస్సొక వైపు. ఇది నాటకరంగపు భంగిమ యని కుమారస్వామి అనవచ్చును, అగును, భంగిమయే. శకుంతల అప్పుడు చేయుచున్నదియు నాటకమే గదా! ముల్లు లేదని సఖులకు తెలియును, మనకు తెలియును. విమర్శకులు దోషమనినది ఈ యొక చిత్రమున సరిగా గుణమైనదని మా అభిప్రాయము. తక్కిన పురాణ చిత్రములకు ఇంతటి సమర్థన మేము చేయజాలము. కొన్నిటిలో దేవతలు నగలబరువునకు కదలలేక నిలుచున్నట్లే యున్నారు.

ముద్రణమునకు వత్తము. 1894లో బొంబాయిలో రవివర్మ స్వంత ముద్రణాలయమును స్థాపించెను. అప్పటి పద్ధతిలో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలెను. మూలచిత్రమును ముక్కలు ముక్కలుగా విడదీసి అన్ని రాళ్లపై వ్రాసి, ఒకదానిమీద నొకటి అచ్చొత్తవలెను. ఈ పనిలో ముఖములు సున్నితము కోల్పోవుట సహజము. తరువాత ఆ ముద్రణాలయము ఆయన చేతినుండి జర్మను నిపుణుని చేతికి పోయినది. ఆ పటములే క్యాలెండర్లయి, అగ్గిపెట్టెల చీటీలయి దేశమంతట వ్యాపించినవి. కోవెలలో అడుగుపెట్ట నీయబడని యిండ్లకును దేవతారూపము చేర్చిన గౌరవము వీనిదే. దానిని మేము తక్కువ చేయము. కాని రవివర్మకు తగిలిన నిందలో సగము ఈ కాగితములకు తగులవలసినది.

1979లో రవివర్మ చిత్రములు జాతీయ కళానిధులుగా ప్రకటింపబడినవి. వానిని దేశము దాటింపరాదు. 2023లో అదే ఆవరణమున ఆయన చిత్రములకు ప్రత్యేక భవనము తెఱవబడినది. ఆయన తమ్ముడు రాజరాజవర్మ, చెల్లెలు మంగళాబాయి వ్రాసినవియు అచటికి చేరినవి. అన్నగారి ముఖమును చెల్లెలు చిత్రించిన పటము ఎదుట మా మనుమరాలు చాలసేపు నిలిచినది. ఉప్పుగాలి వీచు ఊరిలో, ఏడాదిలో సగము వానలు పడుచోట, తైలచిత్రములను కాపాడుట తేలిక పని కాదు. వానికి వేఱుగా మంచి ఇల్లు కట్టుట న్యాయమే. అయినను మా మనస్సునకు ఒక వెలితి తోచినది. పూర్వము రవివర్మనుండి నాలుగడుగులు వేసిన తంజావూరు పటముండెను, ఇంకొక గదిలో ఆయనను నిందించినవారి చిత్రములుండెను. ఇప్పుడు ఆయన ఏకాంతమున మహారాజు వలె నున్నాడు. ఇరుగుపొరుగు లేనివాని గొప్పతనమును దేనితో పోల్చి చూతుము? కజిన్సు కల్పించిన ఇరుగుపొరుగును భవనము మాఱినను మఱువకుండుటకు, కనీసము ఒక గోడపై నాలుగు అన్యచిత్రములను వ్రేలాడదీసినను బాగుండును.

ఈ ఇరుగుపొరుగులో మనవారి పాలు కూడ కలదు. స్వాతి తిరునాళ్ (ఆ మహారాజు తెలుగులోను కీర్తనలు రచించెను) ఆస్థానమున మధుర వాస్తవ్యుడగు అళగిరి నాయుడు అను చిత్రకారుడుండెను. రవివర్మ మేనమామ రాజరాజవర్మ ఆయన వద్ద నేర్చెననియు, రవివర్మకు తొలి గురువు ఆ మేనమామయే యనియు చరిత్రకారులు వ్రాసిరి. పదునాలుగవ యేట 1862లో బాలుడు తిరువనంతపురమునకు వచ్చినప్పుడు ఆస్థానమున నున్నవాడు రామస్వామి. ఈయనను కొందఱు నాయుడనియు, కొందఱు నాయకరనియు వ్రాయుదురు. తైలవర్ణముల గుట్టు ఆయన చెప్పలేదనియు, 1868లో వచ్చిన థియొడోరు జెన్సను అను దొర పనిచేయుచుండగా చూచి రవివర్మ నేర్చెననియు ప్రసిద్ధి. గుట్టు దాచిన కథయే లోకమునకు గుర్తున్నది. గురువుల ఊరు, కులము, భాష ఎవరికిని పట్టలేదు.

నాయుడను పేరొక్కటి చూచి ఇంట తెలుగు మాటలాడిరని తీర్మానించుట గుమాస్తాగిరి చేసిన మాబోటివారికి తగదు, దస్తావేజు కావలెను. కాని తంజావూరు పటముల పనిని తంజావూరు, తిరుచిరాపల్లి రాజులును, మధుర నాయుళ్లును తరతరములుగా చేసిరనియు, వారు తెలుగు మాతృభాషగా గలవారనియు కళాచరిత్రకారులు ఒప్పుకొనినదే. పనసపలకపై గుడ్డ అంటించి, సుద్ద పూసి, బంగారురేకు ఒత్తి, రాళ్లు పొదిగిన ఆ పటముల క్రింద వ్రాసినవాని సంతకముండుట వాడుక కాదు. చిత్రశాలవారు లేని పేరును ఎచటినుండి తెత్తురు? వ్రాతచీటీపై ఊరి పేరును మాత్రమే పెట్టుదురు. రవివర్మ తన చిత్రముపై పేరు వ్రాసికొనెను. అతని మేనమామకు చేయి దిద్దినవాని పని ఎచట నున్నదో చూపలేము.

కావున మధుర, తంజావూరు, తిరుచిరాపల్లి కుటుంబములవారికి మా మనవి యొకటి. మీ యింట పాత పలకపటమున్నచో, దానిని కడుగకుడు, క్రొత్త రంగు వేయింపకుడు. పటమును మెల్లగా దింపి వెనుకవైపు చూడుడు. పలకపై సిరాతోనో బొగ్గుతోనో ఏదైన వ్రాతయున్నదేమో పరికింపుడు. తెలుగైనను, అరవమైనను, మోడీయైనను ఉన్నదున్నట్లు నకలు తీయుడు. ఆ పటము ఎవరింటినుండి వచ్చినదో పెద్దవారిని అడిగి, తెలుగులోను తమిళములోను రెండింట వ్రాసి సంఘమునకు పంపుడు. తెలుగు చదువలేని పిల్లలు మన యిండ్లలోనే యున్నారు గనుక రెండును కావలెను. పటమును మీరు పంపనక్కఱలేదు. మేమే వచ్చి చూచి వ్రాసికొందుము.