ముక్కుగొట్టము: పేరులోని కొఱత

శస్త్రచికిత్సలో జఠరమును ఖాళీచేయు నాళికను తెలుగున ‘ముక్కుగొట్టము’ అనవచ్చును. 1960లో ఆంధ్రమునుండి మదరాసు రాష్ట్రమున చేరిన తిరుత్తణిలోను, చేరువనున్న తిరువళ్ళూరులోను తమిళుల మాట ‘మూక్కుక్కుళాయి’. (కుళాయి యనగానే తెలుగువానికి నీళ్ళు తోచుట వేఱు సంగతి.) ‘నాసికాజఠరనాళిక’ యని సమాసము కూర్చినచో మొదలును తుదియు తెలియును, చిక్కంతయు నున్న కంఠము మాత్రము జాఱిపోవును.

మెలకువనున్న రోగి గుటకవేయగా గొట్టము అన్ననాళమున దిగును. మత్తులోనున్నవానికి గుటక లేదు. ఊపిరికై వేసిన గొట్టము ముందే యుండును. మెత్తనిదగు రెండవది స్వరపేటికచెంత తట్టుకొని నోటిలో చుట్టుకొనును. అందుచే వైద్యుడు మెడను ముందునకు వంచి, స్వరపేటికను ప్రక్కకు మెల్లగా నొత్తును. కొందఱు గొట్టమును చల్లబఱచి బిఱుసెక్కింతురు. అప్పటికిని దిగనిచో లారింగోస్కోపుతో కంఠమును చూచుచు మాగిల్ పటకారుతో నడపుదురు. త్రోసినచో రక్తము వచ్చును. కనుక ‘చొప్పించుట’ కంటె ‘దింపుట’ యను క్రియయే మేలు.

గాలినూది పొట్టపై చప్పుడు వినుట చాలదు. గొట్టము ఊపిరితిత్తులలోనున్నను అది వినబడవచ్చును. పైకి లాగిన ద్రవము పీహెచ్ 5.5కు మించకుండుటయో, ఎక్స్‌రేయో ప్రమాణము. ‘గొట్టము వేసిరి’ యను వాడుకమాటలో ఈ పరీక్షకు చోటులేదు; ఆహారము పోయుటకు ముందు ఇంటివారు అడుగవలసినది ‘దిగినదా?’ యని కాదు, ‘ఎచ్చటికి దిగినది?’ యని.